నా చేతిలో కరెంటు వేగం

ఆ మెషీను బాగా లేదని ఆ ఉదయం నేను ముగ్గురితో పోట్లాడాను. ముందు దాన్ని తెచ్చిన ఇంజనీరుతో, తర్వాత ఏసీ తగ్గించని ఆఫీసువాళ్ళతో, చివరికి మా నరాల డాక్టరమ్మతో. ముగ్గురిలో ఎవరిదీ తప్పు లేదు. మెషీనుదీ లేదు. ఆ సంగతి నాకు తెలిసేసరికి మా తమ్ముడి మంచం పక్కన స్టాండుకి మందు సంచి తగిలించేస్తున్నారు.

మొదటి నుంచి చెప్తాను. లేకపోతే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు, ఎటు నుంచి ఎటు పోతానో నాకే తెలియదు.

నేను ఆసుపత్రిలో టెక్నీషియన్ని. ఏళ్ళ తరబడి తల పరీక్షల గదిలోనే పని. మూర్ఛలు వచ్చేవాళ్ళ తలకి వైర్లు అంటించి, మెదడులో పుట్టే కరెంటుని తెర మీద గీతలుగా పట్టడం నా ఉద్యోగం. చేసే పని చూసో, మాట్లాడే తీరు చూసో అందరూ నన్ను కరెంటక్క అంటారు. ముట్టుకుంటే షాకేనని వాళ్ళ భావం. అననివ్వండి. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు. నేను మెత్తగా ఉంటే ఆ గదిలో ఒక్క వైరు కూడా మిగిలేది కాదు.

ఆ వారం మా విభాగానికి ఇంకో మెషీను వచ్చింది. ఇది తలకి కాదు, చేతులకీ కాళ్ళకీ. మోచేతి దగ్గర నరం మీద చిన్న షాక్ ఇస్తే, ఆ కబురు నరం వెంట పరుగెత్తి బొటనవేలి కండని కదిలిస్తుంది. మణికట్టు దగ్గర ఇంకోసారి ఇచ్చి, ఎంత దూరానికి ఎంత సమయం పట్టిందో చూసి, మెషీను వేగం లెక్కగడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చేతిలో ఆ కబురు సెకనుకి యాభై మీటర్ల పైనే పోతుంది. బాగా తగ్గిందంటే నరానికేదో జబ్బున్నట్టు. ఈ పని నేర్చుకోడానికి నన్ను వేరేచోటికి కొన్నాళ్ళు పంపారు. అక్కడ నేను షాకులు ఇచ్చానే గానీ ఒక్కటీ తీసుకోలేదు. చేయి చాచడానికి అక్కడ ఇంకో అమ్మాయి ఉండేది.

సరిగ్గా ఆ మెషీను బిగించే రోజే మా తమ్ముడికి మొదటిసారి మందు ఎక్కించే రోజు కూడా అయింది.

వాడు దర్జీ. వాడు తిప్పిన కోటు కాలరు మళ్ళీ ఇస్త్రీ అడగదని పేరు. కత్తెర పట్టాడంటే బట్ట తనంతట తనే తెగుతోందా అనిపిస్తుంది. కొట్టులో కిటికీ పక్కన వాడి మెషీను, గోడ వైపు వాడి భార్య మెషీను. ఈమధ్య కాజాలు కుట్టే పనంతా మా మరదలికే అప్పగించేశాడు. కళ్ళు లాగుతున్నాయంటాడు. "కళ్ళద్దాలు పెట్టుకోరా ముసలోడా" అని నేను ఎన్నిసార్లు అరిచానో లెక్కలేదు. అలాంటివాడికి మెడ పక్కన గడ్డ లేచింది. పరీక్షలన్నీ అయ్యాక లింఫు గ్రంథుల క్యాన్సరని తేల్చారు.

అంతకుముందు వారం మా ఆసుపత్రిలోనే క్యాన్సరు చూసే పెద్ద డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన నెమ్మదైన మనిషి. నయమయ్యే రకమేనని చెప్పాడు. అది విని మా మరదలు కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు మాత్రం తన చేతుల వంకే చూసుకున్నాడు.

"నా వేళ్ళకేం కాదు కదా సార్? కత్తెర పట్టేవాణ్ణి" అన్నాడు.

"ఇచ్చే మందుల్లో ఒకటి నరాలకి కొంచెం చెడు చేస్తుంది. వేళ్ళ చివర తిమ్మిరి రావచ్చు. చాలామందికి తర్వాత తగ్గిపోతుంది. మీకు గానీ, ఇంట్లో ఇంకెవరికైనా గానీ ముందు నుంచి నరాల జబ్బేమైనా ఉందా?"

తమ్ముడు నోరు తెరిచాడు. వాడు ఏం చెప్పబోయాడో గానీ, నేను చెప్పనిస్తేగా!

"మాకా? మా వంశంలోనే లేదండీ. నేను నరాల విభాగంలోనే పనిచేస్తాను. ఉంటే నాకు తెలీదా?"

ఆయన తలూపాడు. తమ్ముడు నోరు మూసుకున్నాడు.

మందు ఎక్కించే రోజు ఉదయం వాణ్ణి వెనకవైపు భవనంలో, మూడో అంతస్తులో ఉన్న డే వార్డులో పడుకోబెట్టి, సెలైను పెట్టేదాకా ఉన్నాను. మొదటి మందు గంటల తరబడి నెమ్మదిగా ఎక్కుతుందని, మిగతావి దాని తర్వాతేనని సిస్టరు చెప్పింది.

"నేను కిందికెళ్ళి ఆ కొత్త మెషీను సంగతి చూసి వస్తారా. నా చేతి మీదే పరీక్ష" అన్నాను.

"కరెంటుకి కరెంటు కొడితే ఏమవుతుందక్కా?"

"నీలాంటి తమ్ముళ్ళకి బుద్ధొస్తుంది."

"అయితే నాలుగు ఎక్కువ కొట్టించుకో వదినా, కొంచెమైనా వస్తుందేమో" అంది మరదలు. చేతికి సూది ఉన్నా వాడు కిలకిలా నవ్వాడు. ఆ నవ్వు చూశాకే నేను కదిలాను.

కింద ఇంజనీరు నాకోసం ఎదురు చూస్తున్నాడు. తల నెరిసిన మనిషి, చొక్కా జేబు నిండా స్క్రూడ్రైవర్లు.

"ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద పెట్టి చూస్తామండీ. అంకెలు సరిగ్గా వస్తేనే పేషెంట్ల మీద వాడాలి. అది మా పద్ధతి."

"ఇదిగో చేయి. నాకంటే ఆరోగ్యవంతురాలు ఈ ఆసుపత్రిలో దొరకదు మీకు."

బొటనవేలి కింద కండ మీద వైర్లున్న పట్టీలు అంటించాడు. షాక్ ఇచ్చే, రెండు పళ్ళున్న పిడి తెచ్చి మణికట్టు మీద ఆనించి, బటన్ నొక్కాడు.

"తగిలిందా?"

"ఏం తగలాలి?"

కరెంటు పెంచాడు. "ఇప్పుడు?"

"ఆఁ, చీమ నడిచినట్టుంది."

ఇంకా పెంచాడు. ఇంకా పెంచాడు. అప్పటికి గానీ నా బొటనవేలు బద్ధకంగా ఒకసారి కదల్లేదు. ఆయన నా ముఖం చూసి, "మీరు గట్టివారండీ. ఇంతలో అందరూ కుర్చీలోంచి లేస్తారు" అన్నాడు.

నాకు ఎంత గర్వమో! "మా ఇంట్లో అందరం అంతే. మొండి చర్మం. మా తమ్ముడు దర్జీ, వేలికి సూది దిగినా రక్తం బట్టకి అంటేదాకా వాడికి తెలీదు" అని పగలబడి నవ్వాను. మళ్ళీ చెప్తున్నాను, నవ్వాను.

మోచేతి దగ్గర కూడా షాక్ ఇచ్చి, టేపుతో దూరం కొలిచి, ఆయన తెర వైపు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. వేగం ఇరవై ఒకటి.

"ఇరవై ఒకటేంటి? నత్త కూడా నవ్వుతుంది. మీ మెషీను పాడయింది" అన్నాను.

"కొత్తదండీ."

"కొత్తవి పాడవకూడదని రూలుందా?"

ఆయన మారు మాట్లాడకుండా పట్టీలు తన చేతికి అంటించుకుని, పిడి నాకు ఇచ్చాడు. నాకు చీమ నడిచినట్టు అనిపించిన చోటికి ఇంకా సగం కూడా రాలేదు, ఆయన "అబ్బా!" అని చేయి లాగేసుకున్నాడు. పళ్ళ బిగువున మిగతాది పూర్తి చేశాం. ఆయనది యాభై ఏడు.

"మళ్ళీ నాది చూడండి" అన్నాను. చూశాడు. ఇరవై ఒకటి.

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం నేను. చేయి చల్లగా ఉంటే వేగం తగ్గుతుందని నేర్చుకున్నాను కదా, ఇక దాన్ని పట్టుకున్నాను. ఆఫీసుకి ఫోను చేసి, "ఇది ఆసుపత్రా, ఐసు ఫ్యాక్టరీనా? నా గదిలో ఏసీ ఆపుతారా, ఆపరా?" అని కేకలేశాను. ఆపారు. బకెట్లో వేడినీళ్ళు పట్టి మోచేతి దాకా ముంచి కూర్చున్నాను. చర్మం ఎర్రబడ్డాక తుడుచుకుని మళ్ళీ పెట్టించుకున్నాను. ఇరవై రెండు.

"చూశారా, పెరిగింది!"

"ఒకటి పెరిగిందండీ" అన్నాడు ఇంజనీరు. తర్వాత వైర్లు సర్దుతున్నట్టు వంగి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని గొణిగాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమన్నారు? గట్టిగా అనండి! మద్దెల వాయించేది మీరు, డబ్బు పోసి కొన్నది మేము, ఆడలేనిది నేనా?" అని లేచాను. అదే సమయానికి మా నరాల డాక్టరమ్మ లోపలికి వచ్చింది. నాకంటే పెద్దావిడ, నాలుగేళ్ళుగా ఆవిడ చేతి కిందే నా పని. మా గొడవ ఆవిడకి పట్టలేదు. చూపు తెర మీదే ఆగిపోయింది. దగ్గరికి వచ్చి, గీతలన్నీ ఒక్కొక్కటిగా చూసి, ఒక్క మాట అడిగింది.

"ఈ పేషెంటు ఎవరు? పాపం, ఎప్పటి నుంచి ఉందట?"

"పేషెంటేంటి డాక్టర్? అది నా చేయి. ఈ మెషీను…"

"నీ చేయా?"

"నాదే. మెషీను పాడయిందని ఇందాకటి నుంచీ మొత్తుకుంటున్నాను…"

ఆవిడ ఇంజనీరు వైపు చూసింది. ఆయన తన చేతి అంకె చూపించాడు. గదిలో ఏసీ చప్పుడు కూడా లేదు, నేనే ఆపించాను కదా. ఆవిడ నా భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది.

"బూట్లు విప్పు" అంది.

విప్పాను. మేజోళ్ళూ విప్పాను. నా పాదాలు మా ఇంట్లో అందరి పాదాల్లాంటివే. మధ్యలో విల్లులా ఎత్తుగా ఉంటాయి, వేళ్ళు గోళ్ళ దగ్గర కిందికి వంగి ఉంటాయి. తడికాళ్ళతో నడిస్తే మడమా వేళ్ళూ మాత్రమే నేల మీద పడతాయి. పిక్కలు సన్నం. గచ్చు మీద ఏ అడ్డూ లేకపోయినా తట్టుకుని పడటం మాకు మామూలే. ఎవరు పడ్డా మిగతావాళ్ళం చప్పట్లు కొట్టేవాళ్ళం.

డాక్టరమ్మ నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, వంగిన వేళ్ళని ఒక్కొక్కటిగా తడిమింది.

"నాలుగేళ్ళు పక్కనే తిరిగావు. ఒక్కసారైనా నీ కాళ్ళకేసి చూడలేదే నేను!" అంది. ఆవిడ గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "చూడమ్మా, నరం చుట్టూ ఒక పొర ఉంటుంది. అది సరిగ్గా తయారవని జబ్బొకటి ఉంది. పుట్టుకతోనే వస్తుంది, తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగుతుంది. నెమ్మదిగా నడిచే జబ్బు, నీకిప్పుడు కంగారు లేదు. ఇది అదేనని నా అనుమానం. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి పాదాలున్నాయా?"

అప్పటికీ నాలుకకి అలవాటైన మాటే బయటికొచ్చింది.

"అందరికీ డాక్టర్. మా నాన్న అనేవాడు, మన పాదాల కింద నుంచి చీమలు బారులు తీరి పోవచ్చురా, ఒక్కటి కూడా చావదు అని. చివర్లో ఆయన చేతిలో గ్లాసు నిలిచేది కాదు, మా అమ్మ తిడుతుండేది. ఇంక మా తమ్ముడివైతే నాకంటే…"

అక్కడ ఆగిపోయాను. ఒళ్ళంతా చల్లబడింది. వేడినీళ్ళలో ముంచిన చేయి కూడా.

"మీ తమ్ముడు?"

"పైన ఉన్నాడు. డే వార్డులో. ఇవాళే మందు ఎక్కించడం మొదలు. నరాలకి కొంచెం చెడు చేసేదేదో ఉందన్నారు అందులో… ఇంట్లో నరాల జబ్బుందా అని అడిగితే లేదన్నాను. నేనే అన్నాను డాక్టర్!"

ఆవిడ ఫోను అందుకుంది. "ఇలాంటి నరాలున్నవాళ్ళకి ఆ మందు పడదు. కొందరికి ఒకటి రెండు మోతాదులకే చేతులూ కాళ్ళూ చచ్చుబడిపోతాయి. నువ్వు పరుగెత్తు. నేను ఫోను చేస్తుంటాను."

బూట్లు వేసుకునే సమయమెక్కడిది? అలాగే పరుగెత్తాను. వెనకభవనానికి పోయే వంతెనదారిలో ఒకావిడ వీల్‌చైరు తోసుకొస్తోంది, తప్పుకోబోయి పడ్డాను. లేచాను. లిఫ్టు దగ్గర జనం. మెట్లెక్కాను. మెట్లంటే నాకు ఎప్పుడూ పడదు, కాలు ఎత్తాననుకున్నంత ఎత్తు లేవదు. ఇన్నేళ్ళూ మెట్లు కట్టిన మేస్త్రీని తిట్టుకున్నాను. ఇవాళ తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోడమా నా బతుకు అని ఏడుస్తూ ఎక్కాను.

వార్డు తలుపు దగ్గర బల్ల మీద ఫోను మోగుతూనే ఉంది. ఎత్తేవాళ్ళు లేరు. ఇద్దరు సిస్టర్లూ మా తమ్ముడి మంచం దగ్గరే ఉన్నారు. స్టాండుకున్న పాత సీసా తీసేసి, చిన్న సంచి తగిలించారు. ఒకామె సంచి మీద పేరు చదువుతోంది, ఇంకొకామె వాడి చేతి పట్టీ మీద పేరుతో సరిచూస్తోంది. చదివేది ఆఖరి మాట. గొట్టంలోకి మందు వదిలే చక్రం మీద మొదటామె బొటనవేలు ఉంది.

"ఆపండి!"

ఆ అరుపుకి వార్డులో అందరూ తిరిగారు. అటు చివర మంచంలో ముసలాయన లేచి కూర్చున్నాడు.

"మేడం, మెల్లగా. పేషెంట్లున్నారు" అంది సిస్టరు.

"దాన్ని తిప్పారంటే ఊరుకోను! చేయి తీయండి. తీయండమ్మా, దండం పెడతాను. మా వాడికి నరాల జబ్బుంది. నాకూ ఉంది. ఇప్పుడే తెలిసింది."

ఆమెకి ఏం అర్థమయిందో గానీ చేయి తీసేసింది. ఇంకొకామె పోయి ఫోను ఎత్తింది. అవతల మా డాక్టరమ్మ. ఆ సిస్టరు వింటూ వింటూ సంచి వైపు చూసి నోటి మీద చేయి పెట్టుకుంది.

"అక్కా, నీ మోకాలు" అన్నాడు తమ్ముడు.

వంగి చూశాను. మోకాలి దగ్గర బట్ట చిరిగి, రక్తం పాదం దాకా కారింది. నాకు తెలియనే లేదు. నొప్పి లేదు. తమ్ముడూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇంకో రోజైతే చప్పట్లు కొట్టేవాళ్ళం.

పెద్ద డాక్టరు వచ్చాడు. విన్నదంతా విని, నావైపు తిరిగాడు.

"పోయిన వారం వంశంలోనే లేదన్నది మీరే కదమ్మా?"

"నేనేనండీ."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. తమ్ముడి దుప్పటి పక్కకి తీసి పాదాలు చూశాడు, వేళ్ళతో మడమ పట్టి అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"గడ్డ కోసం వచ్చారని మెడ చూశాను గానీ పాదాలు చూడలేదు" అన్నాడు. "ఇదిగో వినండి. ఈ మందు ఈ జబ్బుకి ముఖ్యమైనది. ఊరికే తీసేస్తే గడ్డకే మేలు చేసినట్టవుతుంది. అక్క చేయి చూసి తమ్ముడి మందు మార్చలేను. అతని నరాలే చూపించండి. అందాకా సంచి ఇక్కడే ఉంటుంది, ఎక్కించం."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. వాడి నరాలు బాగున్నాయని తేలితే మంచి మందు దొరుకుతుంది. బాగా లేవని తేలితే చేతులు దక్కుతాయి, కానీ గడ్డ మీద కొట్టే దెబ్బల్లో ఒకటి తగ్గుతుంది. దేవుడా, ఏది రావాలని మొక్కుకోను? గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, మా వాడికి రోకలి ఇచ్చిందే నేననిపించింది.

వీల్‌చైరులో నేనే తోసుకెళ్ళాను. మరదలు పక్కన నడుస్తోంది. వంతెనదారి మధ్యలో తమ్ముడు తల తిప్పకుండానే అన్నాడు.

"కళ్ళు కాదక్కా."

"ఏం కళ్ళు?"

"కాజాల సంగతి. కళ్ళు లాగుతున్నాయని అబద్ధం చెప్పాను. వేళ్ళే. సూది వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో తెలియట్లేదు. ఏడాదిగా ఇదే. ఆ రోజు డాక్టరుగారు అడిగినప్పుడు చెబుదామనుకున్నా."

"మరి చెప్పవేంరా!"

"నువ్వు చెప్పావుగా" అన్నాడు. నిష్ఠూరం లేదు ఆ మాటలో. అందుకే అది నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మరదలు ఆగిపోయి, చీర చెంగు నోట్లో కుక్కుకుని, మళ్ళీ నడిచింది.

మెషీను గదిలో ఇంజనీరు లేచి కుర్చీ సర్దాడు. ఇందాకటి మాటలకి నేను ఏదో అనబోతే, "ముందు ఆయన్ని చూడండమ్మా" అన్నాడు. డాక్టరమ్మ, "నేను చెయ్యనా?" అని అడిగింది. వద్దన్నాను. వాడి చేతిని నేను తప్ప ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదనిపించింది.

వాడి బొటనవేలి కింద పట్టీలు అంటించాను. వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ సూది మందంటే భయం వాడికి, దర్జీ అయ్యుండీ.

"చెప్పి కొట్టక్కా. చెప్పకుండా కొట్టకు."

"అలాగేరా."

"అసలేం చేస్తుంది ఇది? మాట్లాడుతూ ఉండు, భయం తగ్గుతుంది."

మాట్లాడాను. నాకూ అదే కావాలి. "నరం వైరులాంటిదేరా. చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, మధ్య మధ్య సందులతో. కబురు కరెంటై, ఒక సందు నుంచి ఇంకో సందుకి గెంతుకుంటూ పోతుంది. అందుకే అంత వేగం. పొర సరిగ్గా లేకపోతే గెంతలేదు, నడుస్తుంది."

"చివరికి పోయాక?"

"చివర నరానికీ కండకీ మధ్య చిన్న ఖాళీ. కరెంటు దాన్ని దాటలేదు. అందుకని నరం చివర బుల్లి బుల్లి సంచుల్లో రసాయనం దాచి ఉంటుంది. కబురు రాగానే ఆ సంచులు తెరుచుకుంటాయి, రసాయనం అవతలికి పోయి కండని తడుతుంది. వేలు కదులుతుంది."

"నేను కత్తెర ఒకసారి మూసేలోపు ఇంత జరుగుతుందా?"

"అంతకంటే ముందే."

"అబ్బో" అన్నాడు వాడు కళ్ళు మూసుకునే. "ఇన్నాళ్ళూ నా పనితనమనుకున్నా."

మరదలు డాక్టరమ్మని మెల్లగా అడిగింది, ఆ మందు చేసే చెడేంటని. వెన్ను నుంచి కాలి వేలి దాకా నరం ఒకే పొడుగాటి కణమని, దానికి కావలసిన సరుకంతా లోపలున్న సన్నటి పట్టాల మీద చివరిదాకా పోతుందని ఆవిడ చెప్పింది. క్యాన్సరు కణం రెండుగా చీలడానికీ అలాంటి పట్టాలే కావాలి. మందు వాటిని చెడగొడుతుంది. అక్కడ గడ్డ ఆగుతుంది, ఇక్కడ నరం చివర ఎండుతుంది. గట్టి నరమైతే తట్టుకుంటుందట. అది చెబుతూనే ఆవిడ ఫోను తీసి పెద్ద డాక్టరుకి కలిపి, చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది.

పిడిని తమ్ముడి మణికట్టు మీద ఆనించాను.

"కొడుతున్నానురా" అన్నాను.

వాడు పళ్ళు బిగించాడు. భుజాలు పైకి లాక్కున్నాడు. నొక్కాను. ఏమీ లేదు. కొంచెం పెంచి నొక్కాను. వాడి ముఖంలో మార్పు లేదు, పళ్ళు అలాగే బిగించి ఉన్నాయి. కండ నిద్రపోతోంది. ఇంకా పెంచాను. ఇంజనీరు చేయి లాక్కున్న చోటు దాటాను. నాకు చీమ నడిచిన చోటికి వచ్చాను. నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఇంజనీరు తన మణికట్టు తనే పట్టుకుని చూస్తున్నాడు. మరదలు గోడకి ఆనుకుంది.

ఇంకా పెంచాను. అప్పుడు వాడి బొటనవేలు ఒకసారి, చూడకపోతే తెలియనంతగా, వణికింది. మోచేతి దగ్గరకి మార్చి ఇంకోసారి నొక్కాను. తెర మీద గీత ఎంతో ఆలస్యంగా లేచి, చిన్న గుట్టలా వంగి పడిపోయింది. టేపు పట్టి దూరం కొలిచాను. అంకె వచ్చింది. పంతొమ్మిది.

"సంచి వెనక్కి పంపించేయండి సార్" అంది డాక్టరమ్మ ఫోనులో. "అవును. ఇతనికీ ఉంది. వేరే మందులతో చూడండి."

నేను పిడి కింద పెట్టాను. వాడు ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు, భుజాలు చెవుల దాకా లాక్కుని, నుదుటి మీద చెమటతో, దెబ్బ కోసం కాచుకుని ఉన్నాడు.

"అయిపోయిందిరా" అన్నాను.

వాడు కళ్ళు తెరిచాడు.

"ఎప్పుడు?" అన్నాడు.